టీసీ అడిగే ముందు

ఏటా జూన్ మొదటి వారానికి తెలుగు ఇళ్లలో ఒక ప్రశ్న తయారవుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలొచ్చి నెల దాటి ఉంటుంది. రెండో సంవత్సరం తరగతులు ఇవాళో రేపో మొదలవుతాయి. బైపీసీ చదివే పిల్ల ఉన్న ఇంట్లో అన్నాల దగ్గర ఏ కబురు మొదలైనా చివరికి అక్కడికే వస్తుంది. ఉన్న కాలేజీలోనే ఉంచాలా, టీసీ తీసుకుని ఇంకోచోట చేర్చాలా?

మధిరలో అలాంటి ఇల్లొకటి ఊహించుకోవచ్చు. తండ్రిది ఎరువుల దుకాణం. కూతురు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. మొదటి సంవత్సరంలో 440కి 428 తెచ్చుకుంది. చుట్టాలంతా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. కాలేజీలో పెట్టిన నీట్ నమూనా పరీక్షలో 720కి 372 వచ్చాయి. మేనత్త కొడుకు విజయవాడలో ఇంటర్ చదివి 2023లో సీటు తెచ్చుకున్నాడు. నంబరు ఎవరిచ్చారో గానీ, విజయవాడ కాలేజీ పీఆర్వో ఒకాయన రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. "అమ్మాయిని పంపండి సార్. ఫీజు సంగతి నేను మాట్లాడతా. సీటు మా బాధ్యత" అంటున్నాడు.

మధిర నుంచి రైలెక్కితే ఖమ్మం ఎంత దూరమో విజయవాడ కూడా కాస్త అటూ ఇటూగా అంతే. ఎర్రుపాలెం దాటితే ఆంధ్ర. ఆ ఊళ్లవాళ్లకు బట్టల కొనుగోళ్లు, పెద్దాసుపత్రి, పెళ్లి సంబంధాలు ఏనాటి నుంచో విజయవాడతోనే. రాష్ట్రం రెండయిన తర్వాత కూడా రైలు అదే, అలవాటూ అదే. పిల్ల చదువు విషయంలో మాత్రం అక్కడొక గీత పడిందని చాలా ఇళ్లలో ఇంకా తెలియదు.

డాక్టరు చదవాలంటే గుంటూరో విజయవాడో వెళ్లాలన్న నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. 1986లో ఎంసెట్ వచ్చాక ఆ పరీక్షకు తగ్గట్టు బోధనను మార్చుకున్న కాలేజీలు మొదట బలపడింది ఆ ప్రాంతంలోనే. కాలేజీ, కోచింగ్, హాస్టల్ మూడూ ఒకే ప్రహరీలో పెట్టే పద్ధతి అక్కడ పాతుకుని, తర్వాత హైదరాబాద్‌కీ జిల్లా కేంద్రాలకీ పాకింది. ఇవాళ ఖమ్మంలో ఉన్న కార్పొరేట్ క్యాంపస్‌లో పాఠం చెప్పే విధానం, వారాంతపు పరీక్ష, స్టడీ అవర్స్ గంటలు, చాలాసార్లు ప్రశ్నపత్రం కూడా విజయవాడ క్యాంపస్‌లో ఉన్నవే. ఊరు మారితే చదువు మారుతుందనుకునే తండ్రి ఎన్నోసార్లు ఒకే దుకాణానికి రెండో శాఖలో డబ్బు కడుతుంటాడు.

ఈలోగా పరీక్షే మారిపోయింది. నీట్ మొదటిసారి 2013 మే 5న జరిగింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క ఏడాదికి రాష్ట్రాలకు ఆర్డినెన్సుతో వెసులుబాటు దొరికింది. 2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ఒక్కటే దారి. దాంతో 428 మార్కుల మెమో విలువ మారిపోయింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో జనరల్ అభ్యర్థికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే ఇంటర్ మార్కుల పని అయిపోయినట్టే. ర్యాంకు లెక్కలోకి అవి రావు.

ఆ ఇంటి తల్లి ఈ చరిత్రంతా ఆలోచించలేదు. ఆమెకు వచ్చిన సందేహం చిన్నది. మేనల్లుడి కౌన్సెలింగ్ అప్పుడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ అడిగారని గుర్తు. అవన్నీ ఎందుకు అడిగినట్టు? మరునాడు కులం సర్టిఫికెట్ పనిమీద మీసేవ కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడి కుర్రాణ్ని అడిగింది. ఏటా కౌన్సెలింగ్ దరఖాస్తులు నింపేది అతనే.

"ఇంటర్ ఎక్కడ చదువుతోందక్కా?"

"ఖమ్మంలో. రెండో ఏడాది విజయవాడలో వేద్దామంటున్నారు మీ అన్న."

"వేస్తే ఇక్కడ లోకల్ పోతుంది."

"మా మేనల్లుడికి వచ్చిందిగా?"

"అది పాత రూలక్కా."

కాలేజీ మార్చాలా వద్దా అన్న చర్చలో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. అందరికంటే తక్కువగా మాట్లాడేదీ దీని గురించే. పీఆర్వోలైతే అసలు ఎత్తరు.

371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను మూడు స్థానిక ప్రాంతాలుగా విడగొట్టాయి. ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల పేర్లతో అవి నడిచాయి. సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికుడెవరన్నది ఇల్లు ఎక్కడుందో చూసి తేల్చరు, ప్రధానంగా ఎక్కడ చదివారో చూస్తారు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ స్థానికత. అలా కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలి, అందులో ఎక్కువ కాలం ఎక్కడ గడిస్తే ఆ ప్రాంతం లెక్కకొస్తుంది. మధిరలో పదో తరగతి దాకా చదివి, విజయవాడలో ఇంటర్ రెండేళ్లు చదివిన పిల్లవాడికి ఏడింట ఐదేళ్లు ఉస్మానియా ప్రాంతంలోనే పడ్డాయి. కాబట్టి అతను ఇక్కడివాడే. మేనత్త కొడుకు ఒడ్డెక్కింది ఆ లెక్క మీదే. విభజన జరిగాక కూడా పదేళ్లపాటు ప్రవేశాల్లో పాత ఏర్పాటు కొనసాగాలని పునర్విభజన చట్టం చెప్పింది గనుక అది చెల్లింది.

ఆ పదేళ్లు 2024 జూన్ 2తో అయిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 19న జీవో 33తో నిబంధన మార్చింది. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలి. ఇంటర్ ఇక్కడే పాసవ్వాలి. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబాల పిల్లలు, ఇంటర్ కోసం బయటికి వెళ్లిన పాపానికి ఒక్కసారిగా స్థానికేతరులయ్యారు. వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. శాశ్వత నివాసులకు ఈ నిబంధన వర్తించదని 2024 సెప్టెంబరు 5న హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పటికే కోర్టుకెక్కిన విద్యార్థులకు ఆ ఏడాదికి మాత్రం మినహాయింపు దొరికింది. చివరికి 2025 సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె. వినోద్ చంద్రన్ ధర్మాసనం ప్రభుత్వ నిబంధననే నిలబెట్టింది. బయట ఉద్యోగం చేయాల్సివచ్చిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికుల వంటి వారి పిల్లలకు మినహాయింపులున్నాయి. ఎరువుల దుకాణం వాళ్లకు లేవు.

ఆ నిబంధన న్యాయమేనా అన్నది వేరే సంగతి. మధిర పిల్ల పక్క స్టేషన్లో దిగి చదివినంత మాత్రాన తెలంగాణ పిల్ల కాకుండా పోతుందా అని అడిగేవాళ్ల బాధ అర్థమవుతుంది. ఇక్కడి సీట్లు ఇక్కడే చదివి ఇక్కడే పనిచేసేవాళ్లకు దక్కాలన్న వాదనలోనూ పస ఉంది. కానీ జూన్ మొదటి వారంలో టీసీ మీద సంతకం పెట్టబోయే తండ్రికి న్యాయాన్యాయాల చర్చ అక్కరకు రాదు. విజయవాడలో ఇంటర్ పూర్తిచేస్తే ఆమెకు తెలంగాణలో స్థానికత లేదు. నాలుగేళ్లు చదవలేదు గనుక ఆంధ్రలోనూ రాదు. రెంటికీ చెడిన రేవడి అవుతుంది. చేతిలో మిగిలేది అఖిల భారత కోటా 15 శాతం, స్థానికతతో ముడిపడని మరికొన్ని సీట్లు. ఒక్కో ర్యాంకుకు వందల్లో పోటీ ఉన్నచోట 85 శాతం వాటాను వదులుకుని ఆట మొదలుపెట్టడం ఏ పాటి తెలివో చెప్పక్కర్లేదు. పైగా ఇప్పుడు మధిర పిల్లకు అందుబాటులో ఉన్నవి ఒకటీ రెండూ కావు. సూర్యాపేటలో 2019లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పక్కనే పుట్టిన సీట్లకు దూరం కావడానికి డబ్బు కట్టి వెళ్లడమంటే వినడానికే విడ్డూరం.

మరి మొదటి ఏడాది విజయవాడలో చదివేసి, సంగతి తెలిసి రెండో ఏడాదికి వెనక్కి వచ్చేవాళ్ల మాటేమిటి? నిబంధనలో 'వరుసగా' అన్న మాట ఉంది. నడుమ ఒక్క ఏడాది బయట గడిచినా ఆ వరుస తెగుతుంది. ఇంటర్ పాసైన తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లడం ఈ లెక్కలోకి రాదు. ఎందుకంటే నాలుగేళ్లు ముగిసేది అర్హత పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో. అంటే విజయవాడ మీద అంత గురి ఉన్నవాళ్లు కూడా ఇంటర్ ఇక్కడే కానిచ్చి, మొదటి ప్రయత్నంలో రాకపోతే అప్పుడు వెళ్లొచ్చు. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. గరిష్ఠ వయసు నిబంధనను 2022లో తీసేశారు. తొందరపడి పోగొట్టుకునేది ఉంది గానీ, ఏడాది ఆగితే విజయవాడ ఎక్కడికీ పోదు.

ఇంటర్ కోసం హైదరాబాద్ పంపే ఆంధ్ర తల్లిదండ్రులూ గమనించాల్సిన విషయమే ఇది. ఉమ్మడి లెక్క వాళ్లకూ 2024తోనే తీరిపోయింది. ఆంధ్రప్రదేశ్ లోపల అయితే ఇంత చిక్కు లేదు. పదో తరగతి దాకా నెల్లూరులో చదివి ఇంటర్‌కు విజయవాడ వచ్చిన పిల్లవాడు, 1974 నాటి ఏడేళ్ల లెక్క ప్రకారం శ్రీవెంకటేశ్వర ప్రాంతంవాడిగానే ఉంటాడు. ఏ రాష్ట్రం వాళ్లయినా ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చిన ప్రకటనలో స్థానికత పేరా ఒకసారి చదివి గానీ టీసీ మాట ఎత్తకపోవడం మంచిది. చుట్టాలబ్బాయి అనుభవం పనికిరాదు. అతను రాసిన ఏడాది వేరు.

మిగతా నష్టాలు ఇంత పెద్దవి కావు గానీ చిల్లరగా చాలానే ఉంటాయి. రెండో ఏడాది జూన్‌లో కొత్తగా చేరిన పిల్లకు మొదటివారంలోనే తెలిసే సంగతి ఒకటుంది. వేసవి సెలవుల్లో తరగతులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది. ఏటా పెడుతూనే ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ క్యాంపస్ పిల్లలు రెండో సంవత్సరం పాఠాలు కొన్ని లాగించేసి ఉంటారు. కొత్తపిల్ల ఆ పాఠాలను రాత్రి స్టడీ అవర్స్‌లో తనంతట తానే చదువుకోవాలి. రెండో భాష సంస్కృతం అయితే అక్కడా సంస్కృతం ఉండాలి. ఫీజు బాకీ ఉంటే సర్టిఫికెట్లు చేతికి రావడం ఒక యజ్ఞం. కట్టిన ఫీజు వెనక్కి రావడం ఇంకో యజ్ఞం. చదువు నడుమ మానేస్తే మిగిలిన కాలానికి లెక్కకట్టి పది రోజుల్లో ఫీజు వాపసు ఇవ్వాలని, హాస్టల్, మెస్ డబ్బులకూ అదే వర్తిస్తుందని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే అవి కోచింగ్ కేంద్రాల కోసం రాసినవి. ఇంటర్ కాలేజీ రసీదు పట్టుకుని వాటిని వల్లిస్తే కౌంటర్లో గుమస్తా నవ్వి ఊరుకుంటాడు.

సెక్షన్ సంగతి మరీ చిత్రం. పీఆర్వో చూపించే కరపత్రంలో ఉన్న ఫొటోలు ఆ కాలేజీ పై సెక్షన్ పిల్లలవి. 372 మార్కులతో మధ్యలో చేరిన పిల్లను కూర్చోబెట్టేది ఆ సెక్షన్‌లో కాదు. పై సెక్షన్‌కు చెప్పే లెక్చరర్ ఈ సెక్షన్‌కు రాడు. ఒకే గేటు, ఒకే బోర్డు, లోపల రెండు మూడు కాలేజీలు. తండ్రి ఫీజు కట్టేది ఫొటోలోని కాలేజీకి, పిల్ల చదివేది ఇంకో కాలేజీలో.

ఇక లెక్చరర్లు. వాళ్లు కూడా కాలేజీలు మారుతుంటారు, పిల్లలకంటే ఎక్కువగా. జీతం పెంచుతామంటే సంక్రాంతి సెలవులకు వెళ్లినాయన ఇంకో క్యాంపస్‌లో తేలతాడు. మార్చిలో ఎవరి పేరు విని పిల్లను చేర్చారో, ఆయన జులైలో అక్కడ ఉంటాడన్న భరోసా ఎవరూ ఇవ్వరు.

ఇవన్నీ విని కాలేజీ మార్చడం ఎప్పుడూ తప్పేనని అనుకుంటే అదీ పొరపాటే. మార్చి తీరాల్సిన సందర్భాలున్నాయి. అక్కడ మార్కులూ, ఫీజులూ, స్థానికతా ఏదీ లెక్కపెట్టకూడదు. పిల్లకు నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం, ఫోన్లో మాట్లాడుతూ ఉన్నట్టుండి ఏడవడం, 'ఇక్కడ ఉండను' అని ఒకటికి రెండుసార్లు అనడం జరిగితే తండ్రి చేయాల్సింది వార్డెన్‌తో చర్చ కాదు, బస్సెక్కడం. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పశ్చిమ బెంగాల్‌కు చెందిన 17 ఏళ్ల అమ్మాయి హాస్టల్లో చనిపోయింది. తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ కేసులో కోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలి. సెక్షన్ల మీదే బతికే కాలేజీలకు ఈ రెండో మాట ఎంత చేదో ఊహించవచ్చు. ఆ కౌన్సెలర్ ఉన్నారా, ఏ గదిలో కూర్చుంటారు అని అడ్మిషన్ కౌంటర్లో అడిగే తల్లిదండ్రులు మాత్రం ఇంకా తక్కువే. ఫ్యాన్లు, ఏసీ, మెస్ మెనూ గురించి అడుగుతారు. రాత్రిళ్లు మనసు బాగాలేని పిల్లలు మాట్లాడుకోవడానికి టెలి మానస్ నంబరు 14416 ఉంది. అది 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. హాస్టల్ నోటీసు బోర్డు మీద టైంటేబుల్ పక్కన ఆ ఐదంకెలు రాయడానికి ఖర్చేమీ కాదు.

మధిర పిల్లది ఆ పరిస్థితి కాదు. తిండి సరిపడకపోయినా తింటోంది, నిద్రపోతోంది, స్నేహితులున్నారు. ఆమె ఇబ్బంది 372. ఆ అంకె చూసి తండ్రి భయపడ్డాడు. మేనత్త కొడుక్కి ఇదే సమయంలో ఎంతొచ్చిందో, ఎంతొస్తే సీటొచ్చిందో పోల్చి చూసుకుంటున్నాడు. ఒక ఏడాది మార్కుతో ఇంకో ఏడాది మార్కును తూచడం ఎంత దండగో నీట్ స్వయంగా చూపించింది. 2024లో 720కి 720 వచ్చినవాళ్లు మొదటి ఫలితాల్లో 67 మంది. గ్రేస్ మార్కులు తీసేసి, ఒక ఫిజిక్స్ ప్రశ్నకు జవాబు సవరించాక 17 మంది మిగిలారు. 2025లో ఫిజిక్స్ పేపరు పిల్లల్ని ఏడిపించింది. దేశంలో మొదటి ర్యాంకు 686కే వచ్చింది. కాలేజీ నమూనా పరీక్షలది ఇంకో గోల. ఒక క్యాంపస్ ప్రశ్నలు కఠినంగా ఇచ్చి బెదరగొడుతుంది, ఇంకోటి తేలిగ్గా ఇచ్చి తల్లిదండ్రుల్ని మురిపిస్తుంది. 372 ఎక్కువా తక్కువా అన్నది అదే పరీక్ష రాసిన మిగతావాళ్లను చూస్తే తప్ప తెలియదు.

మొత్తం అంకె దాచిపెట్టేది ఇంకొకటుంది. ఆ ఇంట్లో వారం రోజులుగా పీఆర్వోని అడిగారు, మేనత్తను అడిగారు, దుకాణానికి వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టర్ని అడిగారు. పరీక్ష రాసిన మనిషిని మాత్రం అడగలేదు. మీసేవ నుంచి తల్లి తెచ్చిన కబురుతో ఆ రాత్రి మాట పెరిగి, కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడని సమయంలో పిల్ల లేచి వెళ్లి బ్యాగులోంచి జవాబుల కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, బయాలజీ చూడు."

360కి 262. తొంభై ప్రశ్నల్లో 68 సరిగ్గా చేసింది. పది తప్పు. పన్నెండు వదిలేసింది. చదివింది చేసింది, రానిది ముట్టుకోలేదు.

కెమిస్ట్రీ 180కి 78. 23 సరైనవి, 14 తప్పు, ఎనిమిది వదిలేసింది. 

"మరి ఇదేంటమ్మలూ?" అన్నాడు తండ్రి కింద వరస చూసి.

ఫిజిక్స్ 180కి 32. నలభై అయిదింటిలో 15 ఒప్పు, 28 తప్పు. వదిలేసినవి రెండే. 

బయాలజీలో రానిది వదిలిన పిల్ల ఫిజిక్స్‌లో ఎందుకు వదల్లేకపోయింది? ఆమెకు జవాబు తెలుసు. ఏదొచ్చో ఏది రాదో తెలిసేంతగా కూడా ఫిజిక్స్ ఆమెకు పట్టుబడలేదు. ఏడాదిలో ముగ్గురు సార్లు మారారు. మొదటాయన బాగానే చెప్పేవాడు, దసరా దాకా ఉన్నాడు. రెండో ఆయన ఎప్పుడు వచ్చాడో ఎప్పుడు వెళ్లాడో. మూడో ఆయన ఫార్ములాలు బోర్డు మీద రాసి, 'ఇవి బట్టీ పట్టండి, ప్రశ్నలు మీకే వస్తాయి' అనేవాడు. ఒక్క తప్పుకు ఒక మార్కు కోత. ఆ 28లో ఒక ఇరవై వదిలేసినా ఇరవై మార్కులు కలిసేవి. ఇరవై మార్కులంటే నీట్‌లో వేల ర్యాంకుల తేడా. కానీ వదిలేయడానికి కూడా సబ్జెక్టు కొంత రావాలి.

"అయితే విజయవాడ వెళ్తే ఫిజిక్స్ వస్తుందా?" అన్నాడు తండ్రి.

"వస్తుందేమో. నాకేం తెలుసు? అక్కడ నాకు చెప్పే సారు ఎవరో మీకు తెలుసా?"

తెలియదు. పీఆర్వో అది చెప్పలేదు, ఈయన అడగనూ లేదు.

అక్కణ్నుంచి ఆ ఇంట్లో సంభాషణ దారి మారింది. కాలేజీ మార్చాలా అన్న పెద్ద ప్రశ్న పోయి, ఈ ఏడాది పిల్లకు ఫిజిక్స్ ఎవరు చెప్తారన్న చిన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబులు ఖమ్మంలోనే రెండు మూడు దొరుకుతాయి. ఇప్పుడున్న కాలేజీలో కొత్త లెక్చరర్ ఎవరో కనుక్కోవడం ఒకటి. అదే ఊళ్లో ఇంకో కాలేజీకి మారడం మరొకటి, దాంతో స్థానికతకు వచ్చే ముప్పేమీ లేదు. మూడోది, కాలేజీ జోలికి పోకుండా ఫిజిక్స్ ఒక్కదానికి బయట ఎవరి దగ్గరైనా చెప్పించుకోవడం. హాస్టల్ పిల్లకు ఇది కష్టం. ఔటింగ్ ఇవ్వరు. దీనికోసం ఖమ్మంలో గది తీసుకుని తల్లి వెళ్లి ఉండాలి. ఎన్నో ఇళ్లలో తల్లులు అలా వెళ్లి ఉంటున్నారు, ఆ ఏడాది ఇంట్లో మిగిలినవాళ్లు చారుతో సరిపెట్టుకుంటారు. 

పిల్ల స్నేహితురాలు ఒకతె ఇంకో కాలేజీలో ఉంది. అక్కడి ఫిజిక్స్ సారు ఆరేళ్లుగా కదల్లేదట. బోర్డు మీద ప్రశ్న రాసి, జవాబు కంటే ముందు ఇది ఏ పాఠంలోదో అడుగుతాడట. అది చిన్న కాలేజీ. హోర్డింగులు లేవు. పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన ఎప్పుడూ వేయలేదు. తండ్రి ఆ పేరు వినలేదు. పేరు వినని కాలేజీలో ఎలా వేయాలన్నదే ఇప్పుడు ఆయన బెంగ.

"సోమవారం ఇద్దరం వెళ్దాం. నువ్వు ఆ క్లాసులో ఒక గంట కూర్చో. కూర్చోనిస్తారో లేదో అడుగుదాం. ఆ తర్వాత నువ్వు చెప్పు, నేను వింటా" అన్నాడు చివరికి.

కూర్చోనివ్వకపోతే? ఆ సంగతి అప్పుడు చూసుకోవచ్చని పిల్ల కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. 

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. విజయవాడ పీఆర్వో. ఈసారి తల్లి ఎత్తింది. ఆయన యథాప్రకారం ఫీజు దగ్గర మొదలుపెట్టాడు. ఆమె ఓపిగ్గా విని, "అది సరే బాబూ, మా అమ్మాయి అక్కడ పాసైతే ఇక్కడ లోకల్ ఉంటుందా? ఉంటుందని కాగితం మీద రాసిస్తారా?" అని అడిగింది. మేనేజర్ గారిని కనుక్కుని చెప్తానన్నాడు. మరునాడు ఫోన్ రాలేదు.